డైపోల్ తీగను మళ్లీ కోసే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు చెప్పేస్తాను, తేడా ఉంటే సరిచేయండి. కొత్తగా హ్యామ్ రేడియో లైసెన్సు వచ్చింది, చేతిలో 100 వాట్ల రేడియో ఉంది. డాబా పొడవు 15 మీటర్లు, వెనక ఒక చెట్టు ఉంది. డాబా మధ్యలో 6 మీటర్ల గొట్టం నిలబెట్టి, సూత్రం ప్రకారం 7.1 మెగాహెర్ట్జ్‌కి 20.1 మీటర్ల పీవీసీ తీగతో ఇన్వర్టెడ్ వీ (నడుమ ఎత్తుగా, కొసలు కిందికి వాలిన డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపిన రెండు రెక్కల తీగ యాంటెన్నా) కట్టారు. రెండు కొసలూ పిట్టగోడకే లాగి కట్టేశారు. 20 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్‌ని (లోపల ఒక తీగ, చుట్టూ లోహపు అల్లిక ఉండేది) తీసుకెళ్లి నేరుగా మధ్యలో కలిపారు, బాలన్ (కేబుల్ వెలుపలి మీద కరెంటు పారకుండా ఆపేది) లేదు. 7.1 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, 1.0 అయితే ఏమీ తిరగనట్టు) 2.8 వచ్చింది. రెండు వైపులా 30 సెంటీమీటర్ల చొప్పున కోస్తే 1.6కి దిగింది. ఇంకా దిగుతుందని మరో 30 కోస్తే 2.5కి ఎక్కి కూర్చుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోంది, మాట్లాడినప్పుడల్లా కంప్యూటర్ మౌస్ బిగుసుకుపోతోంది. ట్యూనర్ (యాంటెన్నాను రేడియోకి సరిపడేలా చూపించే పెట్టె) కొనాలా, ఎండ్‌ఫెడ్‌కి (కొస దగ్గర కేబుల్ కలిపే తీగకి) మారాలా, 14 మెగాహెర్ట్జ్ కూడా దీంతోనే దొరుకుతుందా అని అడిగారు.

ట్యూనర్ ఇప్పుడు వద్దు. యాంటెన్నా మార్చనూ వద్దు. మీ దగ్గర రెండు వేరువేరు జబ్బులున్నాయి, రెండింటికీ మీరు వేసిన మందు మాత్రం ఒకటే, కత్తెర. తీగ కోయడం ఈ పనిలో అన్నిటికంటే చివరిది. ముందు కేబుల్ సంగతి చూడాలి, తర్వాత కొసల ఎత్తు, ఆ తర్వాత కొలత, అప్పుడు కోత. మీరు చివరి మెట్టు దగ్గర మొదలుపెట్టారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నా మొదటి డైపోల్‌లో అతుకులు లెక్కపెడితే ఏడు తేలాయి.

సూత్రం ఎక్కడ తప్పిందో చూద్దాం. శూన్యంలో సగం తరంగం పొడవు కావాలంటే 150ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. నిజమైన తీగలో కొసల ప్రభావం వల్ల అది సుమారు 5 శాతం తగ్గుతుంది, అందుకే అందరూ 143 వాడతారు. 143ని 7.1తో భాగిస్తే మీ 20.1 వచ్చేసింది. అయితే ఈ 143 తొడుగు లేని రాగితీగను నేలకి బాగా ఎత్తున, తిన్నగా సాగదీసినప్పుడు దగ్గరగా సరిపోయే అంకె. మీది ఆ పరిస్థితి కాదు. పీవీసీ తొడుగు ఉంటే తరంగం తీగ వెంట కాస్త నెమ్మదిగా నడుస్తుంది, దానికే 2 నుంచి 4 శాతం దాకా పొడవు తగ్గించుకోవాలి. పైగా మీ కొసలు ఇనుప ఊచలున్న స్లాబుకి మీటరు ఎత్తులో ఉన్నాయి. డైపోల్‌లో వోల్టేజీ గరిష్ఠంగా ఉండేది కొసల దగ్గరే. అక్కడ నేలగానీ లోహంగానీ దగ్గరగా ఉంటే కెపాసిటెన్స్ పెరిగి, తీగ తన అసలు పొడవుకంటే పొడుగ్గా ఉన్నట్టు నడుచుకుంటుంది. రెండూ కలిసి మీ మొదటి తీగను 6.85 దగ్గరికి దించి ఉంటాయి.

మీ అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. 20.1 మీటర్లు 6.85 దగ్గర రెజొనేట్ అయిందనుకుంటే (అంటే తీగ పొడవు ఆ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరిందనుకుంటే), అదే లెక్కన 19.5 మీటర్లకి 7.06 వస్తుంది, 18.9 మీటర్లకి 7.28 వస్తుంది. అంటే మొదటి కోతకే మీరు గమ్యం పక్కన నిలబడ్డారు, రెండో కోతతో దాన్ని దాటి అవతలికి వెళ్లిపోయారు. ఈ సంగతి మీకు తెలియకపోవడానికి కారణం ఒక్క 7.1 దగ్గరే కొలవడం. 2.8 అనే ఒక్క అంకె తీగ పొడుగైందో పొట్టిదైందో చెప్పదు. 7.0, 7.1, 7.2 మూడు చోట్లా చూడాలి. 7.0 దగ్గర తక్కువ, 7.2 దగ్గర ఎక్కువ ఉంటే తీగ పొడుగు. తిరగబడితే పొట్టి. నానోవీఎన్‌ఏ (చేతిలో పట్టే చిన్న యాంటెన్నా ఎనలైజర్) ఉంటే 6.5 నుంచి 7.6 దాకా ఒకేసారి గీత గీసి లోయ, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అతి తక్కువగా ఉండే చోటు, ఎక్కడుందో చూపిస్తుంది. వాడే ముందు ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ముక్కలు ఒక్కొక్కటే పెట్టి కాలిబ్రేట్ చేయండి. తీగను తగిలించే ముందు కేబుల్ కొసలోని పిన్నును బయటి షీల్డుకి ఒక్కసారి తాకించండి. ఎండలో, గాలిలో వేలాడిన తీగ మీద స్టాటిక్ పేరుకుంటుంది, ఆ చిన్న పరికరం దానికి తట్టుకోలేదు.

లోయ ఎక్కడుందో తెలిశాక లెక్క చిన్నది. ఇప్పుడున్న పొడవును ఇప్పటి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీతో గుణించి, మీకు కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగించండి, రావలసిన పొడవు అదే. 7 మెగాహెర్ట్జ్ దగ్గర మొత్తం పొడవులో 10 సెంటీమీటర్లు మారితే సుమారు 35 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. మీరు ఒక్కో విడతకి మొత్తం 60 సెంటీమీటర్లు కోశారు, అంటే ఒక్కో దెబ్బకి 200 కిలోహెర్ట్జ్ పైన గెంతారు. బ్యాండే 200 కిలోహెర్ట్జ్ ఉన్నచోట అది పెద్ద గెంతు.

అయినా ఇప్పుడే అతకడానికి కూర్చోకండి. మైకు చురుక్కుమనడం, మౌస్ బిగుసుకోవడం తీగ పొడవుకి సంబంధించినవి కావు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.0కి దించినా అవి ఉంటాయి. అవి తగ్గనంతవరకు మీరు కొలిచే ఏ అంకెనూ పూర్తిగా నమ్మడానికి లేదు.

కోయాక్స్‌లో రెండే లోహపు దారులున్నట్టు కనిపిస్తుంది, లోపలి తీగ, చుట్టూ అల్లిక. రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రం అవి మూడు. 7 మెగాహెర్ట్జ్ కరెంటు రాగిలో పైపైనే నడుస్తుంది, మిల్లీమీటరులో నలభయ్యో వంతు లోతుకి మించి పెద్దగా దిగదు. అందువల్ల అల్లిక లోపలి ముఖం ఒక దారి, వెలుపలి ముఖం ఇంకో దారి. లోపలి రెండు దారుల్లో కరెంటు ఎదురెదురుగా సమానంగా నడుస్తుంది కాబట్టి కేబుల్ బయటికి ఏమీ తెలియదు. పైన డైపోల్ దగ్గరికి చేరాక, అల్లిక లోపలి ముఖం మీద వచ్చిన కరెంటుకి రెండు దారులు కనిపిస్తాయి. అల్లికకి కలిపిన డైపోల్ ఎడమ రెక్క ఒకటి, అల్లిక వెలుపలి ముఖం ఒకటి. ఏది తేలికైతే అటు ఎక్కువ పోతుంది. మీరు రెండు రెక్కలు కట్టామనుకున్నారు, నిజానికి మూడు కట్టారు. ఆ మూడో రెక్క గొట్టం వెంట దిగి, కిటికీలోంచి గదిలోకి వచ్చి, రేడియో పెట్టె మీదుగా మైకు దాకా, యూఎస్‌బీ తీగ దాకా సాగింది. మీ పెదవి తాకింది ఆ రెక్క కొసనే.

దీన్ని నిర్ధారించుకోవడం సులువు. అతి తక్కువ పవర్ మీద, లేదా నానోవీఎన్‌ఏతో, ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తూ కేబుల్‌ని గుప్పిట్లో పట్టుకుని మెల్లగా చేయి జరపండి. అంకె కదిలిందా, కేబుల్ యాంటెన్నాలో భాగమైపోయినట్టే. కేబుల్‌కి మరో మీటరు ముక్క కలిపితే ఎస్‌డబ్ల్యూఆర్ గట్టిగా మారినా అదే అర్థం. కేబుల్ పొడవు మార్చి ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గించుకోమని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లు చేస్తున్నది మూడో రెక్కను ట్యూన్ చేయడమే.

మందు పేరు చోక్, కొందరు 1:1 కరెంట్ బాలన్ అంటారు. ఎఫ్‌టీ240-31 అనే ఫెర్రైట్ రింగు తెచ్చుకోండి. బయటి వ్యాసం 61 మిల్లీమీటర్లు ఉంటుంది, చివరి 31 ఆ ఫెర్రైట్ మిశ్రమం సంఖ్య. మీ ఆర్‌జీ-58 కేబుల్‌నే దాని లోంచి 10 నుంచి 12 చుట్లు తిప్పండి. చుట్లు మరీ బిగించకండి, లోపలి ప్లాస్టిక్ నలిగి నడుమ తీగ పక్కకి జరిగిపోతుంది. లోపలి రెండు దారుల కరెంటు సమానంగా, ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి ఫెర్రైట్ దాన్ని పట్టించుకోదు. వెలుపలి ముఖం మీది కరెంటుకి మాత్రం వేల ఓమ్‌ల అడ్డంకి ఎదురవుతుంది. దాంతో అది వెనక్కి తిరిగి ఎడమ రెక్కలోకే పోతుంది, మనక్కావలసింది అదే. చోక్‌ని పైన, రెక్కలు కలిసేచోటే పెట్టాలి. గదిలో రేడియో వెనక పెడితే మూడో రెక్క పొడవు మారుతుందే తప్ప పోదు. మొదటిది పైన పెట్టాక రెండోది గది దగ్గర పెడితే మాత్రం మంచిదే, వినేటప్పుడు ఇంట్లోంచి వచ్చే రొద కూడా తగ్గుతుంది.

31 దొరక్కపోతే 43 మిశ్రమం పనికొస్తుంది, కింది బ్యాండ్లలో కాస్త బలహీనం. పాత సామాన్లలోంచి తీసిన పేరు తెలియని రింగుల్ని నమ్మకండి. ఎర్ర రంగు ఐరన్ పౌడర్ రింగులు ఈ పనికి అసలే కావు. అవి ట్యూన్డ్ కాయిల్స్ కోసం పుట్టాయి. ఫెర్రైట్ ఏదీ దొరకని రోజున కేబుల్‌నే 20 సెంటీమీటర్ల వ్యాసంతో ఏడెనిమిది చుట్లు చుట్టి టేపు వేసుకోవచ్చు. అది ఏదో ఒక బ్యాండ్ మీద బాగా, మిగతావాటి మీద అంతంతమాత్రంగా పనిచేస్తుంది, దాని బరువుకి మధ్యలో తీగ వేలాడుతుంది కూడా. ఒక్క ఆదివారానికి సరే, ఏళ్ల తరబడి మాత్రం వద్దు.

ఇక ఎస్‌డబ్ల్యూఆర్ భయం గురించి. 2.8 అంటే కేబుల్ పై కొస చేరిన పవర్‌లో సుమారు 22 శాతం వెనక్కి తిరుగుతుంది. తిరిగినంత మాత్రాన పోయినట్టు కాదు. కింద మళ్లీ ప్రతిఫలించి మళ్లీ పైకి ఎక్కుతుంది, దారిలో కేబుల్ తినే పన్ను మాత్రమే నష్టం. 20 మీటర్ల ఆర్‌జీ-58 మీద 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే ముప్పావు డెసిబెల్ పోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 2.8 కావడం వల్ల దానికి తోడయ్యే అదనపు నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. ఎస్-మీటర్ (వినబడే సిగ్నల్ బలం చూపేది) మీద ఒక గీత అంటే 6 డెసిబెల్స్. అవతలివాళ్ల చెవికి ఆ తేడా తెలియనే తెలియదు. ఇబ్బందల్లా మీ రేడియోకే. 2 దాటితే అది తన ట్రాన్సిస్టర్లను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తుంది. కాబట్టి బ్యాండ్ అంతటా 2 లోపు ఉంటే చాలు. 1.5 వస్తే వెనక్కి తిరిగేది 4 శాతం. అక్కడినుంచి 1.1 కోసం నిచ్చెన ఎక్కడం కాళ్లకి కసరత్తు.

ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే యాంటెన్నా బాగున్నట్టు కాదని నేను నేర్చుకున్న తీరు చెప్తాను. ఒకసారి నా డైపోల్ బ్యాండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా 1.2 చూపించింది. రెండు నెలలు మురిసిపోయాను. ఆ రెండు నెలలూ నన్ను ఎవరూ సరిగా వినలేదు, వాతావరణం బాగాలేదనుకున్నాను. చివరికి కేబుల్ తెగ్గోసి చూస్తే అల్లిక మీటర్ల పొడవునా నల్లబడి ఉంది. పై కొసలో నేను టేపు సరిగా చుట్టలేదు. దీపం వత్తి నూనె పీల్చినట్టు అల్లిక వాన నీటిని లోపలికి పీల్చింది. పాడైన కేబుల్ వెళ్లే పవర్‌నీ తినేసింది, తిరిగొచ్చే పవర్‌నీ తినేసింది. మీటరుకి తిరిగొచ్చిందేమీ కనిపించలేదు కాబట్టి అంతా బాగుందని చెప్పింది. డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పెట్టి, పవర్‌నంతా వేడిగా మార్చేసేది) కూడా 1.0 చూపిస్తుంది, దాంతో ఎవరితోనూ మాట్లాడలేం.

అప్పటినుంచి ఏ కేబుల్ కట్టినా ముందు ఒక పరీక్ష చేస్తాను. అవతలి కొసలో నడుమ తీగను అల్లికకి షార్ట్ చేసి, ఇవతల నానోవీఎన్‌ఏతో ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తాను. ఇది రేడియోతో చేసే పని కాదు, ఎనలైజర్‌తో మాత్రమే. 20 మీటర్ల మంచి ఆర్‌జీ-58 అయితే 7 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 10 పైన ఉండాలి. పవర్ అంతా వెనక్కి తిరగాలి కాబట్టి ఎంత ఎక్కువైతే అంత మంచిది. అది 3 చూపిస్తే వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం కేబుల్‌లోనే ఆవిరవుతున్నట్టు. అలాంటి కేబుల్‌ని కోసి చెత్తలో వేయడమే, ఎండబెడితే బాగుపడదు. మీది కొత్తదే కాబట్టి ఫర్వాలేదు, కానీ ఇప్పుడొక అంకె రాసిపెట్టుకుంటే వచ్చే వానల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు కొసల ఎత్తు. పిట్టగోడకి కట్టిన కొసల్ని అక్కణ్నుంచి తీసేయండి. మొదటి కారణం ప్రాణాలకి సంబంధించింది. 100 వాట్ల మీద డైపోల్ కొసల్లో వోల్టేజీ వందల్లో, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. డాబా మీదికి బట్టలు ఆరేయడానికి వచ్చిన మనిషి చేతికో, ఆడుకునే పిల్లల మొహానికో అందేంత ఎత్తులో అది ఉండకూడదు. తగిలితే చర్మం లోపలి నుంచి కాలుతుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. రెండో కారణం, స్లాబుకి దగ్గరైనకొద్దీ పవర్‌లో కొంత దాన్ని వేడి చేయడానికే పోతుంది. ఎలా చూసినా కొసలు మనిషి చేయి ఎత్తినా అందనంత పైన, కనీసం రెండున్నర మూడు మీటర్ల ఎత్తులో ఉండాలి.

15 మీటర్ల డాబాలో అది ఎలా పడుతుందని అడుగుతారు. ఒక రెక్కను వెనక చెట్టు వైపు లాగండి, ఆ వైపు కొస డాబా దాటి పోయినా ఫర్వాలేదు, తాడు చెట్టుకి, తీగ గాల్లో. రెండో వైపు పిట్టగోడకి 3 మీటర్ల కర్ర కట్టి, అక్కడిదాకా తిన్నగా తెచ్చి, మిగిలిన మీటరున్నరో రెండు మీటర్లో పక్కకి మళ్లించండి. తీగ వంగితే చెడుతుందని భయపడకండి. డైపోల్‌లో కరెంటు మధ్యలో ఎక్కువ, కొసలకి పోయేకొద్దీ సున్నా అవుతుంది. మధ్యలోని సగం పొడవే మొత్తం పనిలో 70 శాతం చేస్తుంది. కాబట్టి మధ్య భాగం ఎత్తుగా, తిన్నగా, అడ్డు లేకుండా ఉండాలి. తోకలు ఎటు మళ్లినా పెద్దగా తేడా రాదు. తోకను తీగ మీదికే వెనక్కి తిప్పకుండా పక్కకి తిప్పితే చాలు. రెండు రెక్కల నడుమ కోణం 90 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోండి, 120 అయితే ఇంకా మేలు. కేబుల్ మాత్రం మధ్యలోంచి గొట్టం వెంట నిలువుగా దిగాలి. ఒక రెక్క కిందుగా దాంతోపాటే నడిస్తే చోక్ ఉన్నా కరెంటు మళ్లీ కేబుల్ మీదికి చేరుతుంది.

చెట్టుకి కట్టే తాడు చెట్టుకే బిగించేయకండి. గాలికి చెట్టు ఊగితే తీగ తెగుతుంది. చిన్న కప్పీ తగిలించి, తాడు రెండో కొసకి ఇసుక నింపిన సీసానో ఇటుకనో వేలాడదీయండి. చెట్టు వంగినప్పుడు బరువు లేస్తుంది, నిలబడ్డప్పుడు దిగుతుంది. తాడు పాలిస్టర్‌ది తీసుకోండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, చవకరకం పాలీప్రొపిలీన్ తాడు ఎండకి పొడిపొడిగా రాలిపోతుంది. తీగను వీణ తీగలా బిగించకండి, నడుమ కాస్త వంపు ఉండాలి. ఇంటి వైరింగుకి వాడే ఒకటిన్నర లేదా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు, మీ దగ్గరున్నది అదే కాబట్టి మార్చనక్కర్లేదు. మెత్తని రాగి కొన్ని వారాలకి బరువుకి కాస్త సాగుతుంది. నెల తర్వాత లోయ కిందికి జరిగితే కంగారు పడకండి, అప్పుడు సరిచేసుకోవచ్చు.

మధ్యలో బరువంతా టంకం మీద పడకూడదు. మందమైన ప్లాస్టిక్ పలకకి కన్నాలు చేసి, తీగను రెండు మూడు కన్నాల్లోంచి అల్లినట్టు తిప్పి కట్టండి, ఆ తర్వాతే మిగిలిన కొసను సోల్డర్ చేయండి. కేబుల్ బరువును కూడా అదే పలకకి కట్టేయండి. ఎస్‌ఓ-239 సాకెట్, పీఎల్-259 ప్లగ్ వాడితే అవి వానకి ఆగవని గుర్తుంచుకోండి. తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును బాగా సాగదీస్తూ, కింది నుంచి పైకి చుట్టండి, పెంకుటింటి పెంకుల్లా పై చుట్టు కింది చుట్టు మీదికి రావాలి. దాని మీద మామూలు పీవీసీ టేపు వేయండి, ఎండ నుంచి కాపాడుతుంది. కేబుల్ గదిలోకి దూరే ముందు ఒకసారి కిందికి వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. ఇంతకీ ఈ టేపు ఎంత చుట్టినా ఎక్కువ కాదు, నా రెండు నెలల కథ మర్చిపోవద్దు.

కరెంటు తీగల మాట మీరు రాయలేదు, అందుకే అడుగుతున్నాను. ఇంటి ముందో పక్కనో కరెంటు తీగలు పోతున్నాయా? మీ గొట్టం ఏ వైపు కూలినా, మీ తీగ తెగి ఏ వైపు ఎగిరినా వాటిని తాకకూడదు. తాకే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ చోటు వదిలేయండి, ఇందులో బేరాల్లేవు. కరెంటు తీగల మీదుగా తాడు విసరడం, వాటి కిందుగా యాంటెన్నా దాటించడం ఎన్నడూ చేయొద్దు. తొడుగు ఉందిగా అని కూడా అనుకోవద్దు. గొట్టం ఎత్తేటప్పుడు ఒక్కరే ఉండకండి. పిడుగుల కాలంలో కేబుల్‌ని రేడియో నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టడం చాలదు, కొస ఇంటి బయటికి పోవాలి. గోడ దగ్గర గ్యాస్ ట్యూబు అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టి, దాని ఎర్త్‌ని ఇంటి ఎర్త్‌తో కలిపి ఉంచండి. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య తేడా మీ రేడియోలోంచే పోతుంది. ఇవన్నీ పక్కన పడ్డ పిడుగుకే. నేరుగా మీద పడితే ఏదీ ఆపలేదు.

ఈ ఎత్తులో ఏం ఆశించాలో కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత యాంటెన్నాను తిడతారు. స్లాబుని నేల అనుకుంటే 6 మీటర్లంటే 7 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యంలో ఆరో వంతు కూడా కాదు. సగం తరంగం ఎత్తు కావాలంటే 21 మీటర్లు లేవాలి. ఇంత కిందున్న డైపోల్ శక్తిని ఎక్కువగా నెత్తి మీదికే పంపుతుంది. అది అయనోవరణానికి తగిలి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల దాకా గొడుగులా దిగుతుంది. పగటి పూట దగ్గరి స్టేషన్లతో మాట్లాడ్డానికి ఇంతకంటే మంచిది లేదు. ఖండాలు దాటే కబుర్లకి మాత్రం పక్కకి వాలిన కిరణం కావాలి, అది ఎత్తుతోనే వస్తుంది. ఇంకో సంగతి, ఇంత తక్కువ ఎత్తులో తీగ తూర్పు పడమరలుగా ఉందా, ఉత్తర దక్షిణాలుగా ఉందా అన్నది దాదాపు లెక్కలోకి రాదు. దిక్కుల కోసం తలపట్టుకోకుండా ఎటు ఎక్కువ ఎత్తు దొరికితే అటు కట్టండి.

అదే 6 మీటర్లు 14 మెగాహెర్ట్జ్‌కి తరంగంలో పావు కంటే ఎక్కువ. అందుకే దూరం మోజు ఉన్నవాళ్లకి ముందుగా ఫలితం చూపించేది 14 బ్యాండే. మీ 7 డైపోల్ 14 మీద పనిచేయదు. అక్కడ అది పూర్తి తరంగం పొడవు అయిపోయి, మధ్యలో ఇంపెడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డంకి) వేల ఓమ్‌లకి లేస్తుంది. ఈ చెడ్డతనమే మనకి కలిసొస్తుంది. అదే కేంద్రం నుంచి మొత్తం 10.1 మీటర్ల రెండో జతను, అంటే వైపుకి 5.05, కట్టండి. 14 మీద పొడవు జత వేల ఓమ్‌లతో తలుపు మూసుకుంటుంది కాబట్టి కరెంటు పొట్టి జతలోకే పోతుంది. 7 మీద పొట్టి జత పక్కకి తప్పుకుంటుంది. రెండు జతల కొసల మధ్య కనీసం 30 సెంటీమీటర్లు, వీలైతే మీటరో రెండు మీటర్లో ఎడం ఉంచండి. దగ్గరైనకొద్దీ ఒకదాన్నొకటి లాగుతాయి, ట్యూన్ చేయడం విసుగు పుట్టిస్తుంది. ముందు 7 సరిచేసి, తర్వాత 14 సరిచేసి, మళ్లీ 7 చూడాలి. ఖర్చు లేకుండా 21 కూడా దొరుకుతుంది. 7 డైపోల్ తన మూడింతల ఫ్రీక్వెన్సీ దగ్గర, సరిగ్గా మూడింతలకి కాస్త పైన, మళ్లీ రెజొనేట్ అవుతుంది. అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతొస్తే అంత, మీ రేడియోలోని చిన్న ట్యూనర్ ఉంటే దానికి వదిలేయండి.

ఎండ్‌ఫెడ్ గురించి. సగం తరంగం తీగను కొస నుంచి ఫీడ్ చేస్తే 2,500 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది, 49:1 ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 50కి దింపుతుంది. ఎఫ్‌టీ240-43 రింగు మీద ప్రైమరీ 2 చుట్లు, మొత్తం 14 చుట్లు, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ కెపాసిటర్, ఇదే అందరూ కట్టేది. ఒకే 20 మీటర్ల తీగతో 7, 14, 21, 28 నాలుగూ వస్తాయి, మాట నిజమే. ఒక్క కొసే చేతికందే ఇళ్లకి అది వరం. కానీ దానికి కౌంటర్‌పాయిజ్ (కరెంటుకి రెండో దారిగా పెట్టే తీగ) అక్కర్లేదన్న ప్రచారం నమ్మకండి. తీగలోకి పోయే కరెంటు ఎక్కడినుంచో రావాలి. మీరు ఏర్పాటు చేయకపోతే కేబుల్ వెలుపలి ముఖమే ఆ పని చేస్తుంది. మీరిప్పుడు ఏ జబ్బుతో వచ్చారో దాన్నే ఇంకో గుమ్మంలోంచి ఇంట్లోకి పిలిచినట్టు. మీకు డాబా నడిబొడ్డున గొట్టం ఉంది, దాన్ని వదులుకోవడం ఎందుకు?

ట్యూనర్ కూడా చెడ్డది కాదు, దాని పని వేరు. రేడియో పక్కన కూర్చున్న ట్యూనర్ తన పైనున్న కేబుల్‌లోగానీ తీగలోగానీ ఏదీ మార్చదు. రేడియోకి 50 ఓమ్‌లు చూపించి సముదాయిస్తుంది, అంతే. బ్యాండ్ అంచుల్లో 2.2 వచ్చినప్పుడు అది హాయి. నిజంగా ట్యూనర్ మీద ఆధారపడే ఏర్పాటు కావాలంటే కోయాక్స్‌కి బదులు 450 ఓమ్‌ల నిచ్చెన లైన్‌తో (పక్కపక్కనే ఎడంగా నడిచే రెండు తీగలు) డబ్లెట్, అంటే ఏ ఒక్క బ్యాండ్‌కీ కోయని డైపోల్, కట్టాలి. ఆ లైన్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 10 ఉన్నా నష్టం స్వల్పం. బ్రిటిష్ హ్యామ్ లూయిస్ వార్నీ 1946లో రూపొందించిన జీ5ఆర్‌వీ యాంటెన్నా (అది ఆయన కాల్‌సైన్) ఆ కుటుంబానిదే. 31 మీటర్ల ఆ తీగ 14 మెగాహెర్ట్జ్ మీద మూడు సగం తరంగాలుగా పనిచేయాలని ఆయన లెక్క. ఏ ట్యూనరూ లేకుండా అన్ని బ్యాండ్లనూ ఇచ్చే మాయతీగ అని తర్వాతివాళ్లు దానికి పేరు తెచ్చారు, అది అంత మాయేమీ చేయదు.

ఇక పని. చోక్ చుట్టి పైన పెట్టండి. కొసలకి చెరో 70 సెంటీమీటర్లు సోల్డర్ చేసి కలపండి, మొత్తం 20.3 అవుతుంది. సోల్డర్ చేసిన అతుకు రేడియోకి తెలియదు. కొసల్ని ఎత్తండి. ఎత్తితే లోయ పైకి జరుగుతుంది, అందుకే ముందే ఎక్కువ పొడవు పెట్టమంటున్నాను. తర్వాత 7.0, 7.1, 7.2 దగ్గర మూడు అంకెలు, కేబుల్‌ని గుప్పిట్లో పట్టుకుంటే అంకె కదిలిందో లేదో, ఇవి రాయండి. కత్తెర ఇంకా బయటికి తీయొద్దు. పొడవు ఎక్కువ అని తేలితే కొసను ఇన్సులేటర్‌లోంచి వెనక్కి మడిచి తీగ మీదే దగ్గరగా చుట్టండి. మడత కోతకి దాదాపు సమానంగానే పనిచేస్తుంది, ఎక్కువైందనిపిస్తే విప్పేయొచ్చు. ఆ మూడు అంకెలు చూశాక ఎన్ని సెంటీమీటర్లు మడవాలో లెక్క చెప్తాను, 14 జత సంగతి దాని తర్వాత.